కలమును అచ్చును

కలంకారీ యను పేరు విన్నంతనే కలముతో వ్రాసిన పని యని తలంతుము. కాళహస్తిలో నది నిజమే. కాని బెజవాడ బెంజ్ సర్కిల్ నుండి బందరు బాట పట్టి పెడన చేరినచో, అదే పేరుగల వస్త్రమును కొయ్యయచ్చులతో నద్దుట కానవచ్చును. వ్రాతయే కళ యనియు, అచ్చు వట్టి కూలిపని యనియు పలువురు తీర్పు చెప్పుచున్నారు. ఆ తీర్పు తొందరపాటని మా యభిప్రాయము.

బందరున డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తకస్థానములు నెలకొల్పిరి. అంతకుమున్నే గోలకొండ సుల్తానుల రేవగు నీ పట్టణమునకు పారసీకముతో వ్యాపారము గలదు. అచటి యభిరుచికి దగిన తీగలును పూవులును పదేపదే రావలసినచోట అచ్చు మిగుల నక్కఱకు వచ్చెను.

కరక్కాయ పట్టించిన గుడ్డపై ఇనుపనీరు తగిలినంతనే గీత నల్లబడును, తుడుచుటకు వీలులేదు. వెదురుకలమునకు జుట్టిన యున్నిని ఒకింత గట్టిగా నొక్కినచో గీత లావగును. కలమువాడు తరువాతి గీతను దానికి దగినట్లు మలచుకొనును. అచ్చు చెక్కువానికి ఆ వెసులుబాటు లేదు. అతడు టేకుపలకపై బొమ్మను కుడియెడమలు తాఱుమాఱుగా నూహించి, గీత చుట్టునున్న కొయ్యను తొలగించును. రంగు రంగునకు వేఱొక యచ్చు. ఒకటి యించుక జరిగినను పూరేకు హద్దు దాటును. పటికనీటి ముద్రలో ఎఱుపు మొదట నుండదు. రంగుకాగులో మరగిన పిమ్మటనే తేలును.

నేడు స్క్రీను అచ్చుగుడ్డలును కలంకారీ పేరనే చౌకగా నమ్ముడగుచున్నవి. కొనువారు కలమా, అచ్చా యని యడుగుదురు. అచ్చు చెక్కిన దెవరని యడుగరు. చిత్రలేఖనము గఱపు మా బడులలో పెన్సిలు గలదు, ఉలి లేదు.