ఏషియన్ బఫే: ధర ఒకటే, లెక్కలు వేరు

ఒకసారి డబ్బు కట్టి ఎన్నిసార్లయినా వడ్డించుకునే ఏషియన్ బఫేలు అమెరికాలో చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తాయి. పేరుకే ఏషియన్. సుషీ, నూడుల్స్ పక్కనే పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ ఉంటాయి. చైనాలోని ఫూజియన్ ప్రావిన్స్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు నడిపేవి వీటిలో ఎన్నో.

కడుపు త్వరగా నింపే, ఖర్చు తక్కువయ్యే ఫ్రైడ్ రైస్, నూడుల్స్ ఎప్పుడూ నిండుగా ఉంటాయి. పీత కాళ్ల వంటి ఖరీదైనవి చాలాచోట్ల రాత్రిపూటో, వారాంతంలోనో మాత్రమే. అప్పుడు ధరా ఎక్కువే.

కొత్తగా వెళ్లిన మన విద్యార్థులు పొరబడేది టిప్పు దగ్గర. 'మనమే వడ్డించుకున్నాం కదా' అనుకుంటారు. ఎంగిలి ప్లేట్లు తీసేది, కూల్‌డ్రింకులు తెచ్చేది సర్వర్లే. టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని నేరుగా చెల్లించాల్సిన ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్లే! టిప్పులతో కలిపినా 7.25 డాలర్లకు చేరకపోతే తేడాను యజమాని భర్తీ చేయాలి. కొన్ని రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువే నిర్ణయించాయి. బఫేలో బిల్లుపై 10 శాతం వరకు టిప్పు ఇవ్వడం ఆనవాయితీ.

శాకాహారులు మాత్రం అడిగి తినాలి. కూరగాయల వంటకాల్లోనూ ఆయిస్టర్ సాస్, చికెన్ స్టాక్ పడుతుంటాయి. వేడి పదార్థాలు 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు, చల్లటివి 5 డిగ్రీలు దాటకూడదు అన్నది అక్కడి ఫుడ్ కోడ్ ప్రమాణం. రద్దీ వేళ వెళ్తే ట్రేలు త్వరగా ఖాళీ అయి కొత్తవి వస్తుంటాయి. రెండో విడతకు కొత్త ప్లేటు తీసుకోవాలి. వాడిన ప్లేటుతో మళ్లీ వడ్డించుకోకూడదు.