మేకు లేని పడవ

పడవ గురించి నేను రాస్తున్నానంటే మా యాడికిలో నవ్వనివాళ్ళుండరు. అనంతపురం జిల్లాలో తాడిపత్రికీ గుత్తికీ నడుమ వుండే వూరు మాది. ఈ జిల్లాకి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడిన ఏడు. పెన్న చూడాలంటే తాడిపత్రి వెళ్ళాలి. వెళ్ళి బుగ్గ రామలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగితే చాలా నెలలు కనిపించేది ఇసకే. మా పిల్లలకి బావి దగ్గర బిందె జారిపోతుందన్న భయం తెలుసుగానీ, పడవ మునుగుతుందన్న భయం తెలీదు.

ఆ భయం నాకు ఫోనులో వచ్చింది.

మా అబ్బాయి అమెరికాలో హ్యూస్టన్‌లో వుంటాడు. ఒకరోజు ఫోను చేసి, "అమ్మా, ఏమీ కాలేదులే" అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టాడంటే ఏదో అయిందన్నమాటే! వాడు కయాక్ అనే చిన్న పడవ కొన్నాడట. ఒక్క మనిషి కూచుని, రెండు కొసలా రెక్కలుండే తెడ్డుతో నడుపుకునే ప్లాస్టిక్ పడవ. గాల్వెస్టన్ దగ్గర ఉప్పునీళ్ళలో చేపలు పట్టడానికి సెలవు రోజుల్లో వెళ్తాడట. గాలపు కర్ర నిలబెట్టే స్టాండును ఇంట్లో వున్న నాలుగు ఇనప స్క్రూలతో తనే బిగించుకున్నాడు. కొన్నాళ్ళకి ఒక పెద్ద చేప లాగిన లాగుడికి స్టాండు స్క్రూలతో సహా వూడి వచ్చేసింది. చేప పోయిందని వాడు విచారిస్తూ వుండగా, ఆ నాలుగు కన్నాల్లోంచి నీళ్ళు పడవ కడుపులోకి దూరాయి. వెనకభాగం కుంగేదాకా వాడికి తెలియలేదు. ఒంటిమీద లైఫ్ జాకెట్టు వుంది గనక, దగ్గర్లో ఇంకో పడవ వుంది గనక ఈ మాట వాడి నోటితో విన్నాను.

నాలుగు స్క్రూలు! రాత్రంతా నాకు నిద్ర లేదు.

మర్నాడు, మా నాయన కాలంనించీ ఎరిగున్న కమ్మరి ఆచారి ఎదురైతే ఆయనకీ చెప్పాను. ఆయన పడవ ఎక్కి ఎరగడు. కానీ వెంటనే అన్నాడు: "కపిల బానకి తోలు తొండం ఎట్ల కట్టేవాళ్ళో మరిచితివా తల్లీ? తోలు సాగుతుంది, ఇనుము సాగదు. సాగేదాన్నీ సాగందాన్నీ మేకు పెట్టి జత చేస్తే సాగేది చిరుగుతుంది."

మీలో సీమవాళ్ళకి కపిల గుర్తుండే వుంటుంది. ఎద్దులు వాలుగా దిగుతూ మోకు లాగితే బావిలోంచి ఇనపబాన పైకొచ్చేది. దాని అడుగున వేలాడే తోలు తొండంలోంచి నీళ్ళు కాలవలో పడేవి. బానకీ తొండానికీ సంబంధం కట్టుతోనే. మోటర్లొచ్చాక కపిల పోయింది. ఆ మాట మాత్రం నా తలలో దిగబడిపోయింది. అప్పట్నుంచీ పడవల్ని మనవాళ్ళు ఎలా అతికేవారా అని చదవడం మొదలుపెట్టాను.

మొదట తెలిసిన సంగతి, అసలు కయాక్‌లో మేకే లేదని! ఉత్తర ధ్రువానికి దగ్గరగా, మంచు దేశాల్లో వుండే ఇన్యుయిట్లు, అల్యూట్లు చేసుకున్న పడవ అది. అక్కడ చెట్లుండవు. సముద్రం కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, సీల్ వంటి జంతువుల చర్మం దానిమీద కుట్టి బిగించేవారు. ఆ కుట్లు వేసేది ఆడవాళ్ళే. కుట్టు వదులైతే వేటకెళ్ళిన మగవాడు తిరిగి రాడు. సూది పట్టిన చేతిమీద అంత బరువుండేది.

అంత దూరం ఎందుకు? మనకి పక్కనే వున్న తుంగభద్రలో పుట్టి వుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది రేవులో జనం బుట్టల్లాంటి గుండ్రని పడవల్లో ఏరు దాటడం రాసిపెట్టాడు. లోపల బద్దల అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవైమంది ఎక్కేవారట. ఏరు రాయికి కొడితే బుట్ట వంగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. మేకు వుంటే తోలు అక్కడే తెగుతుంది. మా ఆచారి ఈ పుస్తకం చదవలేదని మనవి.

ఇక సముద్రం. మన కోస్తాలో తెప్ప అంటే దుంగల్ని తాళ్ళతో కట్టినదే. మసూలా పడవలనైతే పలకలకి కన్నాలు పొడిచి, కొబ్బరి పీచు తాడుతో పలకని పలకకి కుట్టేవారు. చెన్నపట్నంలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బరు కట్టేదాకా, ఓడ దిగిన దొరలూ దొరసానులూ ఒడ్డు చేరింది ఈ కుట్టు పడవల్లోనే. ఒడ్డున విరిగే అలలో మేకులు కొట్టిన గట్టి పడవ ఇసకకి తగిలి పగిలేది. కుట్టు పడవ మాత్రం ఒళ్ళు వంచి దెబ్బ తప్పించుకునేది.

మార్కోపోలోకి ఈ కుట్లు నచ్చలేదు. పదమూడో శతాబ్దంలో హోర్ముజ్ రేవులో కొబ్బరి తాడుతో కుట్టిన ఓడల్ని చూసి, ఇవి నాసిరకం, చాలా మునిగిపోతాయి అని తిట్టాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అలకి వంగే కుట్టు పడవ, నడిసముద్రంలో నిండు సరుకుతో వెళ్ళే ఓడకి అంత అనువు కాదు. అక్కడ గట్టి బిగింపే మేలు. మన భోజుడి పేర వున్న యుక్తికల్పతరువు మాత్రం సముద్రంలో అయస్కాంత శిలలుంటాయి, ఓడకి ఇనుము వాడవద్దంటుంది. ఆ శిలల సంగతేమో గానీ, సముద్రానికి ఇనుము పడదన్న మాట అబద్ధం కాదు.

అది ఇంగ్లీషువాళ్ళకి డబ్బు పోసుకుంటే గానీ తెలియలేదు. ఓడ అడుగు కొయ్యని పురుగు తొలిచేస్తోందని 1761లో అలారం అనే యుద్ధనౌకకి అడుగంతా రాగిరేకు తొడిగారు. రెండేళ్ళ తర్వాత చూస్తే పురుగు లేదు, బాగానే వుంది. కానీ రాగికి ఆనుకుని వున్న ఇనపమేకులు చాలాచోట్ల తుప్పు ముద్దలయ్యాయి! రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి తాకితే, తుప్పుకి తేలిగ్గా లొంగేది తినబడుతుంది. విచిత్రమేమిటంటే, రేకుకి చుట్టివచ్చిన మట్టిరంగు కాయితం ఎక్కడ మేకుకీ రాగికీ మధ్య మిగిలిపోయిందో, అక్కడ మేకు చెక్కుచెదరలేదు. ఒక్క కాయితం పొర! ఆ పాఠం పూర్తిగా వంటబట్టి, ఇనుముకి బదులు రాగి కలిపిన లోహపు బోల్టులు వాడడానికి 1780లు వచ్చాయి.

మనకిది కొత్త కాదు. కలాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు పెట్టనిచ్చేదా మా అత్తగారు? ఉప్పు స్టీలు డబ్బాలో పోస్తే చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయని జాడీలో పోస్తాం. 1913లో షెఫీల్డులో హారీ బ్రెయర్లీ, తుపాకి గొట్టాలకి మంచి ఉక్కు వెతుకుతూ తుప్పుపట్టని ఉక్కు చేశాడు. మన గిన్నెల స్టీలు దానికి చుట్టమే. అందులో వందకి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు. దానికి రెండు మూడు పాళ్ళు మాలిబ్డినం కలిపితే ఉప్పుకి ఇంకా బాగా తట్టుకుంటుంది. బజారులో దాన్ని 316 రకం అంటారు. సముద్రపు పడవకి అడగవలసిన నంబరు అదే.

ఇన్ని చదివాక మా అబ్బాయికి ఫోను చేశాను. "నువ్వేమిటమ్మా, బోల్టుల గురించి!" అని నవ్వాడు. నవ్వనీ. నాకు తెలిసింది చెప్పాను. పల్చటి ప్లాస్టిక్‌లో స్క్రూ మరలకి పట్టు దొరకదు, నాలుగు లాగుళ్ళకి వదిలేస్తుంది. కాబట్టి బరువు పడేచోట ఈ వైపునించి ఆ వైపుకి పోయే 316 బోల్టు వెయ్యి. లోపల వెడల్పాటి వాషరు, వదులవ్వకుండా నైలాను వున్న నట్టు వెయ్యి. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది గనక కన్నం బోల్టుకంటే వెంట్రుకవాసి పెద్దదిగా వుండనీ. స్టాండు కింద కుక్కరు గాస్కెట్టులాంటి రబ్బరు పొర పెట్టు. చెయ్యి దూరనిచోట, బిగిస్తే లోపల ఉబ్బి పట్టుకునే రబ్బరు నట్టులుంటాయట, అవి వాడు. రివిట్టు తేలిక వస్తువులకే. అల్యూమినియం రివిట్టు కొట్టి దానిమీద స్టీలు స్టాండు పెట్టావా, అలారం నౌక కథే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కాయితం సంగతి మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు.

పాత కన్నాలు పూడ్పించి కొత్తగా బిగించుకుని, పడవ కడుపులోపలి ఫొటో పంపాడు. ఆచారికి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "వాషరు పెద్దదే వేసినాడు" అని తలూపాడు. నాకు అది చాలు.

పడవ మానెయ్యమని నేను అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, నిజమే. కానీ నీళ్ళు లేని వూళ్ళో పుట్టినవాడికి నీళ్ళంటే ఎంత మోజో నాకు తెలుసు. అందుకని శనివారం వస్తే ఒక్క మాటే అడుగుతాను: "నట్టులు బిగించి చూశావా నాయనా?"

"చూశానమ్మా" అంటాడు. ఆ తర్వాతే ఫోను పెడతాను.