మెట్ట దారిలో తోడు

జగ్గయ్యపేట, నందిగామల గతం రాసేవాళ్ళు మామూలుగా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడితోనో, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి చూసిన బౌద్ధ స్తూపంతోనో మొదలుపెడతారు. అవి పెద్ద విషయాలే, కాదనను. అయితే ఈ మెట్ట ప్రాంతపు బతుకును జమీందార్లకంటే, భిక్షువులకంటే ఎక్కువగా మలిచింది దారి. గోల్కొండ సరుకు మచిలీపట్నం రేవుకు దిగింది ఈ మెట్ట మీదుగానే. పాలేరుకు అవతల నైజాం, ఇవతల ఇంగ్లీషు పాలన ఉన్న రోజుల్లో సరిహద్దు ఊళ్ళ లావాదేవీలు ఈ దారినే నమ్ముకున్నాయి. మునగాల పరగణా సంగతి చూడండి. చుట్టూ నైజాం భూమి ఉన్నా అది నందిగామ తాలూకా లెక్కల్లోనే ఉండేది. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. కాగితం మీద ఒక చోటికి చెందిన మనిషి సర్కారు పని కోసం పరాయి నేల దాటి ఇంకో చోటికి వెళ్ళవలసి రావడం ఇక్కడివాళ్ళకు తరాల నాటి అనుభవం. ఈ ప్రాంతంలో హెచ్‌ఐవీ చరిత్రను కూడా ఆ వరసలోనే చదవాలంటాను. దాన్ని జబ్బు చరిత్రగా రాసినవాళ్ళున్నారు, మందు చరిత్రగా రాసినవాళ్ళున్నారు. పరీక్ష గదికీ, మందులిచ్చే కిటికీకీ, ఇంటి గడపకూ మధ్య ఉన్న దూరాన్ని పక్కనుండి దాటించిన మనుషుల చరిత్ర మాత్రం ఇంకా సరిగ్గా రాయలేదు. వాళ్ళు లేకపోతే మిగిలిన రెండు చరిత్రలూ ఇలా ఉండేవి కావు.

దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం గుర్తించింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడి జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ దశకంలో ఈ జబ్బు గురించి ప్రజల్లోకి వెళ్ళిన మాట దాదాపు అంతా భయమే. దానికి తోడు ఒక కథ స్థిరపడింది: ఇది లారీ వాళ్ళ రోగం, హైవే మీద వచ్చింది. లారీల కేంద్రమైన విజయవాడ ఆటోనగర్ అందుబాటులో ఉండి, తొమ్మిదో నంబరు జాతీయ రహదారి (ఇప్పుడది 65) ఊళ్ళను ఒరుసుకుంటూ పోయే చోట ఆ కథ మరీ తేలిగ్గా అతికింది. బ్రిటిష్ సాయంతో నడిచిన హెల్దీ హైవేస్ పథకం, ఆ తరవాత 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ఆవాహన్, అందులో భాగంగా టీసీఐ ఫౌండేషన్ నడిపిన కవచ్ లారీ డ్రైవర్ల మీద దృష్టి పెట్టాయి. పెట్టడం న్యాయమే. టీ తాగడానికి ఆగిన డ్రైవరు చెవికి ఏ మాటా ఎక్కదనీ, లోడు కోసం రోజుల తరబడి కాచుకునే చోటనే అతను నాలుగు మాటలు వింటాడనీ ఆ కార్యక్రమాలు అనుభవం మీద తెలుసుకున్నాయి. చెదురుమదురుగా ఉన్న కేంద్రాలను తగ్గించి సరుకు మారే పెద్ద కూడళ్ళకు చేరాయి. కానీ లారీ కథ చేసిన చెడుపు కూడా తక్కువది కాదు. లారీ ఎక్కని మిర్చి వ్యాపారికీ, పత్తి కూలికీ, జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడికీ ఇది తమ గొడవ కాదన్న ధీమా ఇచ్చింది. గడప దాటని ఇల్లాలికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్త పరీక్షలో పాజిటివ్ అని తేలితే, లోకం వేలు చూపించడానికి ముందే ఒక నేరం సిద్ధంగా ఉండేది.

ఈ ప్రాంతానికి కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న అప్పటి గుంటూరు జిల్లాలో 2004–05లో జరిగిన ఒక సర్వే నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం. దాన్ని చాలామంది ఇంకో సందర్భంలో ఉదహరిస్తారు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తరఫున లలిత్ దండోనా బృందం ఇంటింటికీ తిరిగి రక్తనమూనాలు తీసుకుంది. 15–49 ఏళ్ళ వాళ్ళలో 1.72 శాతానికి హెచ్‌ఐవీ ఉందని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తీసిన నమూనాల మీద ఆధారపడిన అధికారిక పద్ధతి ప్రకారం లెక్కేస్తే దానికి రెట్టింపు పైనే రావాలి. మనుషుల లెక్కన, 45,900 మంది ఉన్న చోట 1,12,600 మంది ఉన్నట్టు. 2007లో దేశం మొత్తం మీద అంచనా సగానికి తగ్గి 25 లక్షలకు దిగడానికి దోవ తీసిన పరిశోధనల్లో ఇదొకటి. పత్రికలన్నీ లెక్క తప్పిందన్న సంగతినే పట్టుకున్నాయి. ఎందుకు తప్పిందన్నది ఇంకా ముఖ్యం. ప్రైవేటు ఆసుపత్రుల్లో పాజిటివ్ అనో, అనుమానమనో తేలినవాళ్ళను అక్కడి డాక్టర్లు ప్రభుత్వ ఆసుపత్రికి తోసేవాళ్ళు. పేదలు ఎలాగూ అక్కడికే వెళ్ళేవాళ్ళు. అందుకని ప్రభుత్వ ఆసుపత్రి క్యూలో పాజిటివ్‌లు పోగుపడ్డారు, లెక్క ఉబ్బింది. ఆ రెండు అంకెల తేడాలో నాకు కనిపించేది చేతిలో ఒక చీటీ పెట్టి పంపేసిన రోగులు. ఒక తలుపు మూసుకున్నప్పుడు ఏ తలుపు తట్టాలో పక్కనుండి చెప్పే మనిషి అప్పటికింకా వ్యవస్థలో లేడు. అంచనా దిగినా మన రాష్ట్రానికి ఊరట తక్కువే. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పెద్దవాళ్ళలో 0.97 శాతం, పెద్ద రాష్ట్రాలన్నిట్లో అదే ఎక్కువ.

మందు రావడంతోనే అంతా మారిందనీ, మిగతావాళ్ళకు అంత పేరు ఎందుకనీ అడగొచ్చు. వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు లక్షల ప్రాణాలు నిలబెట్టాయి. ఆ మాటకు తిరుగులేదు. కానీ తేదీలు వరసగా పెట్టి చూడండి. 2001 నాటికి మన దేశపు కంపెనీలు రోజుకు ఒక డాలరు లోపు ఖర్చుతో ఈ మందులు ఆఫ్రికాకు ఇవ్వగలమని ప్రపంచానికి చూపించాయి. హైదరాబాదులోని హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్‌లు ఈ మందుల తయారీలో ప్రపంచంలో పేరుపడ్డాయి. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, అదీ కొద్ది కేంద్రాల్లో. ఆ మధ్య కాలంలో నందిగామ కూలికి హైదరాబాదు మాత్ర అందని మానిపండే. ఇక రెండో తేదీ. దక్షిణాది రాష్ట్రాల్లో 15–24 ఏళ్ళ గర్భిణుల్లో హెచ్‌ఐవీ 2000లో 1.7 శాతం నుంచి 2004 నాటికి 1.1 శాతానికి తగ్గిందని 2006లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. అంటే ఉచిత మందు రాకముందే కొత్తగా వైరస్ సోకడం తగ్గుముఖం పట్టింది. అది దానంతటదే తగ్గి ఉండొచ్చనే వాదన ఒకటుంది. కొంత నిజం కూడా కావచ్చు. అయితే ఆ సంవత్సరాల్లోనే సెక్స్ వర్కర్లు తోటి సెక్స్ వర్కర్లకు కండోమ్ చేతిలో పెట్టి మాట్లాడటం, సుఖవ్యాధులకు చికిత్స చేయించడం పెద్ద ఎత్తున జరిగింది. ఆవాహన్ పదేళ్ళ పని వల్ల దాదాపు 6 లక్షల మందికి వైరస్ సోకకుండా ఆగిందని 2013లో అంచనా వేశారు. అంచనాను అంచనాగానే తీసుకున్నా, ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది డాక్టర్లు కారు, నర్సులు కారు.

మందు వచ్చాక, పక్కనుండి దారి చూపే మనిషి అవసరం తగ్గలేదు, పెరిగింది. ఏఆర్‌టీ తొలి ఏళ్ళలో నందిగామ దగ్గరి పల్లెలో ఒక మనిషికి పాజిటివ్ వచ్చిందనుకోండి. స్థానిక ఆసుపత్రిలోని హెచ్‌ఐవీ కేంద్రంలో (ఐసీటీసీ) పరీక్ష, కౌన్సెలింగు అయ్యాక వెళ్ళవలసింది విజయవాడ పెద్దాసుపత్రికి. నందిగామ నుంచి యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి డెబ్బై పైన. రోగనిరోధక కణాలు లెక్కపెట్టే సీడీ4 పరీక్షకు ఒకరోజు, రిపోర్టుకు ఇంకోరోజు, టీబీ ఉందేమోనని తెమడకూ ఎక్స్‌రేకూ మరోరోజు. ఇంటి చిరునామాకు రుజువు కావాలి, మందు వేయించే బాధ్యత తీసుకునే బంధువో స్నేహితుడో కావాలి. సంగతి ఇంట్లోనే దాచిన మనిషి ఆ తోడును ఎక్కడినుంచి తెస్తాడు? సీడీ4 లెక్క 200 లోపుంటేనే మందు మొదలుపెట్టే రోజుల్లో, ఇంకా దిగలేదు మళ్ళీ రమ్మని పంపితే తిరిగి వచ్చేవాళ్ళు ఎందరు? మొదలయ్యాక నెలకు 60 మాత్రలు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. నెల తిరిగి వచ్చినప్పుడు కౌన్సెలరు సీసా బల్ల మీద ఒంపి మిగిలినవి లెక్కపెట్టాలి. మూడు కంటే ఎక్కువ తప్పిపోతే మందు పట్టు సడలుతుందని లెక్క. రోగి చేతికిచ్చే పచ్చ పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాచినవాళ్ళు, సీసా మీది కాగితం చింపేసి మాత్రలను వేరే డబ్బీలో పోసుకున్నవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. ఒక్కో ప్రయాణానికి ఒక కూలి రోజు పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, ఎక్కడికెళ్ళావని అడిగేవాళ్ళకు ఒక అబద్ధం తయారుచేసుకోవాలి. ఇన్ని మెట్లలో ఏ మెట్టు దగ్గర కూలబడినా మందు ఉన్నా లేనట్టే.

ఆ మెట్లెక్కించినవాళ్ళు ఒక్క శాఖకు చెందినవాళ్ళు కారు. గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం నేపథ్యంలో 1969లో విజయవాడలో పుట్టిన వాసవ్య మహిళా మండలి ఇంటి దగ్గరే సేవ చేసే పద్ధతిని, తల్లిదండ్రులు పోయిన పిల్లల సంరక్షణను ఈ ప్రాంతానికి అలవాటు చేసింది. అదే కుటుంబానికి చెందిన డాక్టర్ సమరం స్వాతి పత్రికలో ఏళ్ళ తరబడి రాసిన జవాబులు, ఎవరినీ అడగలేని ప్రశ్నను అడగొచ్చన్న ధైర్యం ఇచ్చాయి. 2005లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నడిపిన ‘ఆశ’ ప్రచారం ఆ మాటను పంచాయితీ అరుగుల మీదికి తెచ్చింది. పాజిటివ్‌గా బతుకుతున్నవాళ్ళు తామే సంఘాలు కట్టుకున్నారు. కొత్తగా తెలిసిన మనిషికి పదేళ్ళ నుంచి మందు వాడుతున్న మనిషి ఎదురుగా కూర్చోవడం ఏ కరపత్రమూ చేయలేని పని. 2007 తరవాత జాతీయ ఎయిడ్స్ కార్యక్రమం మూడో దశలో లింక్ వర్కర్లు వచ్చారు. కొన్ని పల్లెలను ఒక గుంపుగా చేసి ఒక ఆడమనిషిని, ఒక మగమనిషిని పెట్టి, పరీక్షకు ఒప్పించడం దగ్గరనుంచి మందు మానేసినవాళ్ళను వెతికి పట్టుకోవడం దాకా అప్పగించారు. ఇచ్చిన చిరునామా దొంగదని తేలినా, ఆ మనిషి జాడ కనిపెట్టి, నలుగురి చెవిన పడకుండా మళ్ళీ దారికి తేవడం వాళ్ళ పనిలో భాగం. జీతం స్వల్పం, ఉద్యోగం ఒప్పందం మీద.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. తోడు వచ్చే మనిషే గుట్టు బయటపెట్టే మనిషి కావచ్చు. ఫలానా సంస్థ మోటారు సైకిలు ఒక ఇంటి ముందు రెండుసార్లు ఆగితే ఊరికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. అందుకే ఉన్న ఊరి ఆసుపత్రి వదిలి ఖమ్మానికో హైదరాబాదుకో వెళ్ళి మందు తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. పైగా చట్టం కూడా చాలాకాలం రోగి పక్షాన నిలవలేదు. 1998లో సుప్రీంకోర్టు, పెళ్ళి కాబోయే మనిషి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టిన ఆసుపత్రిది తప్పు కాదంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, సంగతి బయటపెట్టకూడదని స్పష్టంగా చెప్పే చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10న గానీ అమల్లోకి రాలేదు. నా జవాబు ఇది: గుట్టు పోయేది తోడు వల్ల కాదు, తోడును ఎంచుకునే వీలు లేకపోవడం వల్ల. ఎక్కడ కలవాలో, ఎవరు రావాలో రోగి చెప్పిన చోట పని సాగింది. రిజిస్టరు నింపడం కోసం ఇంటికి వెళ్ళిన చోట అభ్యంతరం అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు జబ్బు తగ్గింది, ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది, ప్రత్యేకంగా ఇంకొకరెందుకు అనే మాట వినిపిస్తోంది. తగ్గింది నిజమే, కానీ 2021 అంచనాల్లో దేశపు సగటు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్ 0.67. రాష్ట్రంలో హెచ్‌ఐవీతో ఉన్నవాళ్ళు 3 లక్షలు దాటారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నారు కాబట్టి జీవితాంతం మందు వాడేవాళ్ళే పెరిగారు. ఆశా కార్యకర్త ఆ ఊళ్ళోనే ఉండే ఆడమనిషి అయి ఉండాలన్నది ఆ పథకం నియమం. కాన్పుకు, టీకాకు అదే ఆమె బలం. ఆ ఊరివాళ్ళందరితో చుట్టరికం ఉన్న మనిషికి ఈ ఒక్క సంగతి చెప్పుకోలేకపోవడం కూడా అందువల్లనే. 2020 మార్చి చివరివారంలో లాక్‌డౌన్ పడి, హైదరాబాదు నుంచి సొంతూళ్ళకు బయల్దేరినవాళ్ళు జగ్గయ్యపేట పక్కన గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వందల వాహనాల్లో నిలిచిపోయినప్పుడు, రాష్ట్రం విడిపోయి ఆరేళ్ళు కావస్తుండగా పాలేరు మళ్ళీ సరిహద్దైంది. మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వొచ్చని నాకో చెప్పింది. కానీ అవతలి కేంద్రంలో పేరున్న మనిషికి ఇవతల మందు ఇప్పించాలంటే రెండు రాష్ట్రాల కేంద్రాలకూ ఫోను చేసి, కార్డు నంబరు చెప్పి, పేరు నలుగురికీ తెలియకుండా సీసా చేర్చే మనిషి కావాలి. అలాంటి మనిషికి ఈ జిల్లాలో, పక్క జిల్లాలో, రెండు రాష్ట్రాల్లో పర్మనెంటు పోస్టు, పర్మనెంటు జీతం ఉండాలి. గ్రాంటు వచ్చినప్పుడు పుట్టి, గ్రాంటు ఆగినప్పుడు మాయమయ్యే ఒప్పందం దానికి చాలదు.