ప్రాచీన ఆంగ్లంలో మాంత్రిక వాచకాలు: వ్యుత్పత్తి, అర్థపరిణామం

ఆంగ్లంలోని 'విచ్' శబ్దాన్ని తెలుగులో 'మంత్రగత్తె' అని అనువదించడం పరిపాటి. ఆధునిక ఆంగ్లానికి ఇది సరిపోతుంది. సుమారు క్రీ.శ. 1100కు పూర్వపు ప్రాచీన ఆంగ్ల గ్రంథాలకు మాత్రం చెల్లదు. ఆ కాలపు మాంత్రిక వాచకాలలో విద్యాసూచన ఎంత, నిందాసూచన ఎంత అని వివేచించడం ఈ వ్యాస లక్ష్యం.

'విచ్' శబ్దానికి మూలరూపాలు రెండు: పుంలింగంలో 'విచ్చా', స్త్రీలింగంలో 'విచ్చె'. భేదం పదాంతాచ్చులో మాత్రమే ఉంది. మధ్యయుగ ఆంగ్లంలో పదాంతాచ్చులు బలహీనపడటంతో రెండు రూపాలూ ఏకమయ్యాయి. లింగభేదం లోపించిన ఆ పదం కాలక్రమంలో ప్రధానంగా స్త్రీవాచకంగా రూఢమైంది. జ్ఞానార్థక ధాతువుతో దీనిని ముడిపెట్టే లోకవ్యుత్పత్తికి ధ్వనిసూత్రాల సమర్థన లేదు.

రెండవ వర్గం క్రియను బట్టి ఏర్పడిన పదాలు. 'గల్దొర్' అంటే మంత్రగానం. పాడటమనే అర్థంగల 'గలన్' ధాతువు దీనికి మూలం. 'నైటింగేల్' అనే పక్షి నామంలో ఆ ధాతువు నేటికీ నిలిచి ఉంది. 'లాక్నుంగ' అనే వైద్యసంకలనంలోని తొమ్మిది మూలికల మంత్రం ప్రతి మూలికపైనా గల్దొర్‌ను పాడమని విధిస్తుంది. అక్కడ అది చికిత్సలో భాగం. తొమ్మిదవ శతాబ్ది చివర ఆల్ఫ్రెడ్ రాజు వెలువరించిన ధర్మశాసన పీఠికలో స్థితి వేరు. గల్దొర్‌లో నేర్పరులను, మాయారూపాలు కల్పించేవారిని, 'విచ్చా'లను ఆదరించే స్త్రీలను బ్రతకనివ్వరాదని అది శాసించింది. దీనికి ఆధారమైన బైబిలు వాక్యం లాటిన్ పాఠంలో మాంత్రికులనే, అదీ పుంలింగంలో, పేర్కొంటుంది. ఆల్ఫ్రెడ్ పాఠం శిక్షను వారిని ఆశ్రయించిన స్త్రీలవైపు మళ్లించింది.

మూడవది అన్యదేశ్య వర్గం. 'డ్ర్యూ' అనే పదం కెల్టిక్ పురోహితుని చెప్పే ఐరిష్ శబ్దం నుండి వచ్చింది. ఆల్ఫ్రిక్ తన ధర్మోపన్యాసాలలో సైమన్ మేగస్‌ను ఈ పదంతోనే వ్యవహరించాడు. 'మేగస్' కూడా పారశీక పురోహితుని పేరే, గ్రీకు ద్వారా లాటిన్ చేరింది. రెండు సందర్భాలలోనూ పరమతపు పురోహితుడే మాంత్రికుడయ్యాడు.

నేడు మాంత్రికార్థంలో వాడే 'వార్లాక్' ప్రాచీన ఆంగ్లంలో మాంత్రికవాచకమే కాదు. దాని పూర్వరూపమైన 'వేర్‌లోగా'కు ప్రతిజ్ఞాభంగం చేసినవాడని అర్థం. సైతానుకూ ఆ పేరు వాడారు. స్కాట్లండు వ్యవహారంలో అది తరువాత మాంత్రికుని పేరుగా స్థిరపడింది. 'విజర్డ్' కూడా ప్రాచీన ఆంగ్లపదం కాదు. 'వైజ్' శబ్దం నుండి మధ్యయుగంలో పుట్టి, మొదట పండితునికే వర్తించింది.

దీనిని బట్టి, ఈ పదాలలోని నింద అన్నిచోట్లా వ్యుత్పత్తిసిద్ధం కాదని తేలుతుంది. గల్దొర్ విషయంలో అది శాసనం కల్పించినది. డ్ర్యూ విషయంలో మతభేదం నుండి వచ్చినది. 'వార్లాక్'లో మాత్రం నిందయే మూలార్థం, మాంత్రికార్థం తరువాత చేరింది. కనుక ప్రాచీన పాఠాలను అనువదించేటప్పుడు పుంలింగ 'విచ్చా'ను మంత్రగాడనీ, గల్దొర్ నేర్పరిని మంత్రవేత్త అనీ వేరు చేయడం యుక్తం. అన్నింటినీ 'మంత్రగత్తె'లో కలిపివేస్తే, తరువాతి కాలపు దోషారోపణను మనమే పూర్వగ్రంథాలకు అంటగట్టినవారమవుతాము.