లింఫోమాలో ఇమేజింగ్ పరీక్షలు

లింఫోమా అనేది లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలలో పుట్టే క్యాన్సర్. ఇందులో హాడ్జ్‌కిన్, నాన్-హాడ్జ్‌కిన్ అని రెండు ప్రధాన రకాలున్నాయి. చికిత్సకు ముందు వ్యాధి ఎంత వ్యాపించిందో, చికిత్స తరువాత ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి సీటీ, పెట్-సీటీ అనే ఇమేజింగ్ పరీక్షలు తోడ్పడతాయి. అయితే వ్యాధిని మొదట నిర్ధారించేది గ్రంథి ముక్కను తీసి చేసే బయాప్సీ పరీక్షయే.

పనిచేసే విధానం

సీటీ స్కాన్ శోషరస గ్రంథి పరిమాణాన్ని చూపుతుంది. 1.5 సెంటీమీటర్లకు మించి పొడవున్న గ్రంథిని అసహజమైనదిగా పరిగణిస్తారు. పెట్ స్కాన్ కణాల చురుకుదనాన్ని చూపుతుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును అధికంగా గ్రహిస్తాయి. కనుక ఫ్లోరిన్-18 చేర్చిన ఎఫ్‌డీజీ అనే గ్లూకోజు వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, సుమారు గంట తరువాత చిత్రాలు తీస్తారు. అంతకు ముందు 4 నుండి 6 గంటలు ఆహారం తీసుకోరాదు. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే తెలియజేయాలి.

చికిత్సకు ముందు

వ్యాధిని నాలుగు దశలుగా విభజించే ఆన్ ఆర్బర్ పద్ధతి 1971లో వెలువడింది. దానిని సవరించిన లుగానో వర్గీకరణ 2014లో వచ్చింది.

* మొదటి దశ: ఒకే గ్రంథి ప్రాంతంలో వ్యాధి ఉంటుంది.
* రెండవ దశ: విభాజక పటలానికి ఒకే వైపున రెండు లేదా అంతకంటే ఎక్కువ ప్రాంతాలలో ఉంటుంది.
* మూడవ దశ: విభాజక పటలానికి ఇరువైపులా ఉంటుంది.
* నాలుగవ దశ: ఎముక మజ్జ, కాలేయం వంటి ఇతర అవయవాలకు వ్యాపిస్తుంది.

చికిత్స తరువాత

వ్యాధి నశించిన తరువాత కూడా మచ్చ వంటి కణజాలం గడ్డగా మిగలవచ్చు. అందులో సజీవ క్యాన్సర్ కణాలున్నవో లేవో సీటీ ఒక్కటే చెప్పలేదు. పెట్ చిత్రంలోని వెలుగును కాలేయపు వెలుగుతో పోల్చి 1 నుండి 5 వరకు అంకెలిచ్చే పద్ధతిని 2009లో ఫ్రాన్సులోని డోవిల్‌లో జరిగిన సమావేశంలో ప్రతిపాదించారు. 1, 2, 3 వస్తే వ్యాధి అణగినట్లు సాధారణంగా భావిస్తారు. 4, 5 వస్తే చికిత్సకు ముందున్న చిత్రంతో పోల్చి చూస్తారు. కీమోథెరపీ ముగిసిన 6 నుండి 8 వారాలకు, రేడియేషన్ ముగిసిన సుమారు మూడు నెలలకు ఈ పరీక్ష చేయడం మేలు. తొందరపడితే చికిత్స వలన కలిగిన వాపు కూడా వ్యాధివలె కనిపిస్తుంది.

పరిమితులు

క్షయ సోకిన గ్రంథులు కూడా పెట్ చిత్రంలో వెలుగుతాయి. క్షయ ఎక్కువగా ఉన్న భారతదేశంలో ఇది ముఖ్యమైన విషయం. కనుక వెలుగు కనిపించిన చోట అనుమానముంటే, కొత్త చికిత్స ఆరంభించే ముందు మరల బయాప్సీ చేస్తారు. నెమ్మదిగా పెరిగే కొన్ని లింఫోమాలు ఎఫ్‌డీజీని తక్కువగా గ్రహిస్తాయి. వాటికి సీటీయే ఆధారం.

తెలుగు ప్రాంతాలలో

ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. దానిని సైక్లోట్రాన్‌లో తయారుచేసి వెంటనే వాడవలసి ఉంటుంది. అందుచేత పెట్ కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాలలో ఉన్నాయి. కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో, ఖమ్మం జిల్లాలో ఉన్న బోనకల్ వంటి మండల కేంద్రాల రోగులకు పెద్ద నగరాలకు ప్రయాణం తప్పడంలేదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదల క్యాన్సర్ చికిత్సకు ఆసరా అయింది.

చికిత్సకు ముందు తీసిన స్కాన్ లేకపోతే తరువాతి స్కాన్‌ను పోల్చిచూడడం కష్టం. కాబట్టి దూరప్రాంతాల రోగులు స్కాన్ సీడీలను, బయాప్సీ నివేదికను భద్రపరచి ప్రతి పరీక్షకు వెంట తీసుకువెళ్ళడం అవసరం.