పెరటి యతిథులు

రాజులకు, కోటలకు, యుద్ధములకు చరిత్ర గలదని అందఱు నెఱుగుదురు. పెరటిగోడపై వాలు పిచ్చుకకును, చిక్కుడు పందిరిపైకి దూకు కోతికిని చరిత్ర గలదన్నచో శ్రోతలకు నవ్వు రావచ్చును. అయినను నేటి ప్రసంగమున నేను చెప్పబూనినది ఆ చరిత్రయే. దీనికి శిలాశాసనములు లేవు. చెఱువుకట్టలు, అడవి హద్దులు, ప్రభుత్వ చట్టములు, ఇంటి కప్పులు, ఇవియే దీనికి ఆధారములు.

మా యెల్లారెడ్డి ప్రాంతమున పెరడనగా ఇంటి వెనుక మిగిలిపోయిన జాగా కాదు. బావి అచ్చటనే, రోలు అచ్చటనే, గడ్డివామి అచ్చటనే. ఒక వేపచెట్టు, ఒక జామచెట్టు, దడిపై సొరతీగ, మూల కరివేపచెట్టు. ఇంటి యాడువారి రాజ్యమది. ఆ రాజ్యమునకు సరిహద్దు దడియే గాని కావలివాడు లేడు. కనుక రాత్రివేళ ముంగిసయు, మానుపిల్లియు, పగటివేళ ఉడుతయు, గోరింకయు, జెముడుకాకియు నడుగకయే వచ్చిపోవుచుండును.

మా యూరికి పడమట నిజాంసాగరము, తూర్పున పోచారము చెఱువు. ఈ రెండు జలాశయముల నడుమ నున్న యూరి పెరళ్ళకు వచ్చు అతిథుల సంగతి ఆ నీటితోనే ముడివడియున్నది. ఆలేరు వాగున కడ్డముగ పోచారము కట్టను 1916 మొదలు 1922 వఱకు కట్టిరి. పిమ్మట నవాబు అలీ నవాజ్ జంగు ప్రధాన ఇంజనీరుగా 1923లో మంజీరపై నిజాంసాగరమును మొదలిడి 1931లో ముగించిరి. దానికై నలువదికి పైగా గ్రామములు ఖాళీ యయ్యెను. ఇండ్లతోడ పెరళ్ళును మునిగెను. మునిగిన భూముల లెక్క దస్తరములలో నుండును. మునిగిన వేపచెట్ల మీది గూళ్ళ లెక్క నెవ్వరును వ్రాయలేదు.

కాలువనీరు పాఱిన వెనుక మెట్టపొలములు మాగాణులైనవి, జొన్న తగ్గి వరి పెరిగినది, చెఱకు వచ్చినది. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసిన పిదప చెఱకుతోటకు విలువ హెచ్చినది. చెఱకుతోట మనుష్యునకు పంట. అడవిపందికిని నక్కకును అది పగలు దాగుటకు రెండవ యడవి. అడవినుండి యూరికి రెండు క్రోసులు నడువవలసిన జంతువు ఇప్పుడు తోటలో పగలెల్ల నిద్రించి, చీకటిపడగానే పెరటిలోని చిలగడదుంపను త్రవ్వుకొని పోవుట కవకాశము కలిగినది. పంది మన యింటికి వచ్చినదని మన మందుము. దాని దారిలో మనమే పంట వేసి యుంచితిమని నా యభిప్రాయము.

నీటివలన మేలును కలిగినది. చలికాలమున పోచారము చెఱువునకు తలపై నల్లని పట్టెలు గల బాతులు హిమాలయముల కావలనుండి వచ్చును. అవి పెరటికి రావు, పొలమునకు వచ్చును. పెరటికి వచ్చు దూరదేశపు పక్షి వేఱొకటి గలదు: గులాబిరంగు మేనును నల్లని తలయు గల గోరింక. మధ్య ఆసియా గడ్డిభూములలో పిల్లలను పెంచుకొని, శ్రావణ భాద్రపదములలో గుంపులుగా నిచ్చటికి దిగి, జొన్నకంకులమీద పడి, వేసవి రాకమునుపే మరలిపోవును. జొన్నచేనుగల రైతు దీనిని తిట్టును. కాని తన దేశమున నదియే మిడుతలను తిని రైతునకు మేలుచేయునది.

నిజాంసాగరము ముగిసిన 1931వ సంవత్సరముననే మఱియొక పని మొదలైనది. సాలిం అలీ అను పక్షిశాస్త్రజ్ఞుడు హైదరాబాదు రాజ్యమునందలి పక్షులను సర్వే చేయబూనెను. ఆ ఫలితములు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో 1933, 34లలో వెలువడినవి. ఆనకట్టను గుఱించి తెలిసినవారు మా ప్రాంతమున వేలకొలది; ఈ సర్వేను గుఱించి విన్నవారు పదుగురైన నుందురో లేదో. ఒక రాజ్యపు నీటిని కొలిచినట్లే పక్షులనుగూడ లెక్కింపవచ్చునని తోచుటయే ఆ దినములలో గొప్ప సంగతి.

పోచారపు అడవి నిజాము ప్రభువుల వేటచోటు. 1952లో దానిని అభయారణ్యముగ ప్రకటించిరి. వైశాల్యము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. 1972లో దేశమంతటికి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. వేట నిలిచినంత మాత్రమున అడవి పెరుగదు గదా! జంతువునకు ప్రాణభయము తగ్గినది, తిండి మాత్రము పెరుగలేదు. ఆ చట్టమున నొక వింత గలదు. కాకిని, ఎలుకను, పండ్లు తిను గబ్బిలమును హానికర జంతువుల పట్టికలో చేర్చిరి. శ్రాద్ధదినమున పెరటిగోడపై పిండము పెట్టి చేతులు జోడించి పిలుచుకొను కాకి, యేబది యేండ్లు ఆ పట్టికలోనే యుండెను! 2022 నాటి సవరణతో ఆ పట్టికయే తొలగినది.

ఇక కోతి. దీనిని గుఱించి కొంచెము విస్తరముగ చెప్పవలెను. ఏలనన నేడు మా ప్రాంతమున పెరటి సుఖదుఃఖములను నిర్ణయించునది కోతియే.

కోతులన్నియు నొకటియే యని మన మనుకొందుము. కాదు. దక్షిణాపథపు కోతికి తలపై వెండ్రుకలు టోపీవలె చుట్టుకొనియుండును, తోక పొడవు. ఉత్తరదేశపు కోతికి తోక పొట్టి, పిఱుదులవైపు ఎఱ్ఱన. దక్కను తూర్పుభాగమున ఈ రెండు జాతులకు గోదావరియే హద్దని పూర్వపు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. మన మా నదికి దక్షిణమున నున్నవారము. కాని 2011లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము ఉత్తరపు కోతి ఆ హద్దును దాటి దక్షిణమునకు వ్యాపించుచున్నది, టోపీకోతి తన చోట్లను కోల్పోవుచున్నది. నదిని కోతి తనంత తాను దాటినదా? కొంతవఱకు దాటియుండవచ్చును. మనుష్యుని చేయియు నిందు గలదు. ఒక యూరివారు పట్టించి బోనులలో వేసి తీసికొనిపోయిన కోతులను వేఱొక యూరి పొలిమేరలో విడుచుట మన మెఱుగని సంగతి కాదు. మా బాధ తీఱెనని వారు సంతసింతురు. ఆ బాధ లారీ యెక్కి మన పెరటికి వచ్చును.

ఒకప్పుడు ఈ ఉత్తరపు కోతులను వైద్య పరిశోధనలకై పెక్కువేలు విదేశములకు పంపెడివారు. శిశుపక్షవాతమునకు టీకా కనుగొనుటలో వాని మూత్రపిండముల కణములు ఉపయోగపడినవి. 1978లో భారత ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించినది. నిషేధము న్యాయమైనదే. మన బిడ్డల కాళ్ళను నిలిపిన జంతువునే నేడు ఱాళ్ళతో కొట్టుచున్నామని తలచినప్పుడు నా మనస్సు చివుక్కుమనును. అయితే ఆ మాట, తెల్లవాఱి లేచి సొరపాదు నంతయు పీకి పడవేసియుండ జూచిన ముసలమ్మతో చెప్పుటకు నాకు నోరు రాదు. ఆమెకు ఆ నాలుగు సొరకాయలే వారపు కూర.

అడవిలో తునికి, మోర్రి, మేడి తగ్గినవి. బాటల కిరుప్రక్కల నున్న మఱ్ఱిచెట్లు రోడ్ల వెడల్పునకై కూలినవి. హనుమంతుని గుడియొద్ద అరటిపండ్లు మాత్రము తగ్గలేదు. కోతి యెక్కడికి రావలెనో మనమే నేర్పితిమి. 2015లో తెలంగాణ ప్రభుత్వము హరితహారమును మొదలిడినప్పుడు వానలు తిరిగి రావలెననియు, కోతులు తిరిగి పోవలెననియు చెప్పినది. 2020లో నిర్మలు జిల్లా చించోలిలో కోతులకు సంతాననియంత్రణ శస్త్రచికిత్స చేయు కేంద్రమును తెఱచిరి. ఆడకోతి యేటేట పిల్లను కనుచుండగా ఒక కేంద్ర మెంత చేయగలదు?

కోతివలన కలిగిన మఱియొక మార్పును శ్రోతలు గమనింతురుగాక. గూనపెంకుల కప్పును కోతులు తిరుగవేయుచున్నవి. ఏటేట పెంకులు సర్దించుకొనలేక జనులు రేకులు వేసిరి, కలిగినవారు సిమెంటు కప్పు పోసిరి. ఆ పెంకుల సందులలోనే, దూలముల చివరలలోనే పిచ్చుక గూడు కట్టెడిది. వడ్లు దంచు రోలు మూలబడి బియ్యపు మరలు వచ్చినప్పుడే నూకలు కఱవైన పిచ్చుకకు, కప్పు మాఱుటతో ఇల్లును పోయినది. పిచ్చుకలు తగ్గుటకు కారణములు పెక్కు గలవు. మా వీధులలో నా కన్నుల కగుపడినది మాత్ర మిది. చూరునకు వరికంకుల కుచ్చు వ్రేలాడదీయు ఆచారము కొన్ని యిండ్ల నింకను గలదు. కుచ్చు చుట్టును ఉడుత తిరుగుచున్నది.

పాలపిట్ట సంగతి వేఱు. దసరానాటి సాయంకాలము జమ్మికి పోవునప్పుడు దానిని చూచుట శుభమని మన వారు ఊరి పొలిమేర దాటుదురు. తెలంగాణ రాష్ట్రపక్షియు నదియే. పొలిమేర దాటలేని పట్టణవాసులకై కొందఱు దానిని పట్టి, ఱెక్కలు కట్టి, పంజరములో చూపి డబ్బు తీసికొనుచున్నారు. శుభమునకై ఱెక్కలు విఱిచిన పిట్టను చూచుటకంటె ఆ దినమున పెరటిలోని కాకిని చూచి తృప్తిపడుట మేలు.

నెమలి 1963లో జాతీయపక్షి యైనది. మొలకెత్తిన పెసరను అది గిల్లివేయుచుండ రైతు చూచి యూరకుండవలసినదే.

ఈ నడుమ మా వీధిలోని కొన్ని పెరళ్ళు మాఱినవి. సొర, బీర, జామ పోయినవి. వాని చోట పసుపు, అల్లము, మిరప వేసికొనుచున్నారు. కోతి వానిని ముట్టదట. చిక్కుడు పందిరి యున్నవారు దానిచుట్టును ఇనుపవల బిగించి, తలుపునకు గొళ్ళెము పెట్టి, లోపల నిలిచి కాయలు కోసికొనుచున్నారు. వలపై కూర్చుండి కోతులు చూచుచున్నవి.