లోయనేల – అడుగునీరు



గని త్రవ్వదలచిన చోట వాగు ప్రక్కనున్న లోయనేల సేద్యపు నీటికి అనువైనదా కాదా యని తేల్చుట యెట్లు? అమెరికా పశ్చిమ భాగమున ఈ ప్రశ్న చట్టములోనికి వచ్చిన చరిత్రను నేడు మనవి చేసెదను.

ఆ దేశమున 100వ పడమటి రేఖాంశమునకు ఆవల, పసిఫిక్ తీరము వంటి కొన్ని తావులు తప్ప, సాలుకు 20 అంగుళముల వానయైనను కురియుట యరుదు. జాన్ వెస్లీ పావెల్ అను శాస్త్రజ్ఞుడు 1878లో ప్రభుత్వమునకు నివేదిక వ్రాసి, అచట నీటివసతి గల నేల మిక్కిలి స్వల్పమని హెచ్చరించెను. నీరు పారు కమతమునకు 80 ఎకరములు చాలుననియు, మేతబీడునకు 2560 ఎకరములు కావలయుననియు సూచించెను. ఈ రెండంకెల భేదమే ఆ సీమలో నీటి విలువను దెలుపును.

మోంటానా, వయోమింగు రాష్ట్రములలో నేలబొగ్గు పెక్కుచోట్ల పైననే దొరకును. మోంటానాలోని కోల్‌స్ట్రిప్పున రైలుయింజనుల కొరకు 1924లోనే పైమన్ను తొలగించి బొగ్గు తీయ నారంభించిరి. 1973లో చమురునకు కొరత కలిగిన పిమ్మట బొగ్గుపై ఆత్రము హెచ్చెను. పశుపోషకులకు దిగులు పుట్టెను. గుట్టలపై ఎంత బీడున్నను, మంచుకాలమున పశువులకు వేయు ఎండుగడ్డికి వారు ముఖ్యముగా నమ్ముకొన్నది వాగు ప్రక్కనున్న కొద్దిపాటి ఒండ్రునేలనే. అది పోయినచో మంద నిలుచుట కష్టము.

1977 ఆగస్టు 3న అధ్యక్షుడు కార్టరు సంతకముతో బొగ్గుగనుల చట్టము ఏర్పడెను. ఆ రేఖాంశమునకు పడమట, కాలువనీటితో గాని అడుగుచెమ్మతో గాని పండు ఒండ్రులోయలలో సేద్యమునకు భంగము కలిగించు గనికి అది అనుమతి నిరాకరించినది. సేద్యమునకు ముఖ్యము గాని బీళ్లకును, మిక్కిలి చిన్న తునకలకును, చట్టమునకు ముందే నడచుచున్న గనులకును మినహాయింపు నిచ్చినది.

ఇక పరీక్షావిధానము వినుడు. పూర్వమెన్నడైన అచట నీరు పారించిరా? వాగులో పంటకు కావలసిన నెలలలో నీరుండునా? నీటిలో ఉప్పెంత? నేల చవుడా? వాలు అనుకూలమా? వీనినెల్ల విచారింతురు. నేడు కాలువ లేదను కారణమొక్కటే చాలదు. పారించుటకు వీలున్నదా యనియు చూతురు.

అడుగునీటి పరీక్ష మరింత సూక్ష్మమైనది. ఎండిన ఏటి యిసుకలో చెలమ త్రవ్విన నీరూరుట మీరెరిగినదే. అట్లే పైకి పొడిగా దోచు లోయ క్రిందను నీరుండవచ్చును. గొట్టపు నూతులు దింపి రేయింబవళ్లు నీటిమట్టమును కొలుతురు. పగలు మట్టము తగ్గి, రాత్రి మరల హెచ్చినచో, వేళ్లు ఆ నీటిని త్రాగుచున్నవని గ్రహింతురు.

త్రవ్విన గోతిని మరల పూడ్చవచ్చును. కాని వాగు యుగములుగా పేర్చిన కంకర, ఇసుక, ఒండ్రు పొరలలో నీరు నడచిన దారిని తిరిగి కల్పించుట సులభము గాదు. కావున, గనివలన లాభమెంత యని లెక్కించుటకు ముందే లోయనీటిని అన్ని ఋతువులందును కొలిచి వ్రాసియుంచవలెనని నా యభిప్రాయము. ఆ లెక్క లేనిచో, పిదప నూయి యెండిన రైతు తన నష్టమును నిరూపించుకొనుటకు ఆధారము దొరకదు.